ఆపరేషన్ సమ్మతి పత్రంపై సంతకం చేసే ముందు

ఆపరేషన్‌కు ముందు రోజు రాత్రి నర్సు తెచ్చి ఇచ్చే సమ్మతి పత్రంపై చాలా కుటుంబాల్లో కొడుకో అల్లుడో సంతకం పెట్టేస్తారు. ఆపరేషన్ జరగవలసిన మనిషి ఆ పక్కనే మంచం మీద మెలకువగా ఉన్నా కాగితం ఆమె చేతికి రాదు. ముందుగా ఈ అలవాటు మానుకోవాలి. 18 ఏళ్లు నిండి, స్పృహలో ఉండి, విషయం అర్థం చేసుకోగల రోగి తన సమ్మతిని తానే ఇవ్వాలి. కాబట్టి కాగితాన్ని మీ చేతికే ఇమ్మనండి, కళ్లజోడు తెప్పించుకోండి, తెలుగు పత్రం అడగండి. అది లేదంటే ప్రతి వాక్యాన్నీ తెలుగులో చెప్పించుకోండి.

ఆ తర్వాత ఖాళీలు చూడాలి. మా పెద్దమ్మకు శుక్లం ఆపరేషన్ చేయించినప్పుడు పత్రంలో కన్ను పేరు రాయవలసిన చోట ఉత్త గీతే ఉంది. మాలో ఎవరమూ గమనించలేదు. నేను చదివి వినిపిస్తుంటే ఆమే ఆపి, "ఏ కన్నో రాయలేదేంట్రా?" అని అడిగింది, నర్సు "కుడి కన్ను" అని రాసి తెచ్చాకే సంతకం పెట్టింది. ఆపరేషన్ పేరు, ఏ వైపు, చేసే డాక్టరు పేరు, తేదీ నింపించి, అక్కర్లేని ఖాళీలను కొట్టివేయించండి.

"అవసరమైతే మరే శస్త్రచికిత్సైనా చేయవచ్చు" అనే వాక్యం కనిపిస్తే అక్కడ తప్పక ఆగండి. 1995లో ఢిల్లీలో 44 ఏళ్ల సమీరా కోహ్లీ, జబ్బేమిటో తెలుసుకోవడానికి చిన్న రంధ్రం గుండా కెమెరాతో కడుపు లోపల చూసే లాపరోస్కోపీ పరీక్ష కోసం చేరితే, ఆమె మత్తులో ఉండగా తల్లి సమ్మతి తీసుకుని గర్భసంచిని, అండాశయాలను తొలగించారు. పరీక్షకు ఇచ్చిన సమ్మతి చికిత్సకు వర్తించదని, ఆమెకు మెలకువ వచ్చేదాకా ఆగే వీలుండగా తల్లి సమ్మతి చెల్లదని 2008 జనవరి 16న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ప్రాణాన్నో ఆరోగ్యాన్నో కాపాడడానికి ఆలస్యం చేయడం తగని సందర్భాన్నే మినహాయించింది. పరిహారం 25,000 రూపాయలే కావడం నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది, కానీ ఆ తీర్పు చేసిన మేలు పెద్దది. మధ్యలో ఇంకేం చేయవలసి రావచ్చో డాక్టరును అడిగి, మీరు ఒప్పుకునేవాటిని పేరుపేరునా రాయించండి.

ఈ చికిత్స ఎందుకు, ఎలా చేస్తారు, ముఖ్యమైన ప్రమాదాలేమిటి, వేరే మార్గం ఉందా, వద్దంటే ఏమవుతుంది అనే సంగతులు డాక్టరు చెప్పవలసినవేనని అదే తీర్పు పేర్కొంది, కనుక అడగడానికి మొహమాటపడనక్కర్లేదు. సంతకం చేశాక కూడా, ఆపరేషన్ మొదలుకాక ముందు, వద్దని చెప్పవచ్చు. గర్భస్రావం విషయంలో 1971 నాటి చట్టం మేజరైన స్త్రీ సమ్మతినే అడుగుతుంది, భర్త సమ్మతిని కాదు.

హాస్టల్లో చదివే పిల్లలున్న తల్లిదండ్రులు మరింత జాగ్రత్తపడాలి. 2009లో ఖమ్మం జిల్లాలో బాలికలకు, గర్భసంచి ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఇచ్చే హెచ్‌పీవీ టీకాలు వేసినప్పుడు ఎన్నో సమ్మతి పత్రాలపై వార్డెన్లే సంతకాలు చేశారు. పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013 నివేదికలో దీన్ని తప్పుపట్టింది. టీకాకైనా చికిత్సకైనా తమను అడగకుండా సంతకం చేయవద్దని పిల్లలను చేర్పించే రోజునే వార్డెనుకు రాసివ్వండి.

సంతకం చేసిన పత్రాన్ని అక్కడికక్కడే ఫోన్‌లో ఫొటో తీసుకోండి. అలా కుదరకపోతే వైద్య రికార్డుల కోసం రాతపూర్వకంగా అడగండి. 2002 నాటి వైద్య నియమావళి ప్రకారం 72 గంటల్లోగా వాటిని ఇవ్వాలి.