తక్కువ ఖర్చుతో కంప్యూటర్ వాటర్ కూలింగ్‌ను సరిగ్గా పరీక్షించడం

వాటర్ కూలింగ్ పనితనానికి ప్రాసెసర్ ఉష్ణోగ్రత ఒక్కటే చూపితే చాలదు. గది ఎంత వేడిగా ఉందో, ప్రాసెసర్ ఎన్ని వాట్లు తీసుకుంటోందో తెలియకపోతే ఆ అంకెను దేనితోనూ పోల్చలేము. కొలవవలసినవి రెండు తేడాలు. రేడియేటర్‌లోకి (నీటి వేడిని గాలిలోకి వదిలే భాగంలోకి) వెళ్లే గాలికీ నీటికీ మధ్య తేడా రేడియేటర్, ఫ్యాన్ల పనిని చెబుతుంది. నీటికీ ప్రాసెసర్‌కూ మధ్య తేడా వాటర్ బ్లాకు (ప్రాసెసర్ మీద బిగించే, లోపల నీరు పారే లోహపు దిమ్మ), ఆ రెంటి మధ్య రాసే థర్మల్ పేస్టుల సంగతి చెబుతుంది.

తేడాలే ముఖ్యం కనుక ఖరీదైన థర్మామీటర్ అవసరం లేదు. ఆర్డుయినో అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డుకు తగిలించే, నీళ్లలో ముంచడానికి వీలైన డీఎస్18బీ20 ఉష్ణోగ్రత సెన్సర్లు రెండు చాలు, గాలికొకటి, నీటికొకటి. వాటిలో ఒక్కొక్కటి 0.5 డిగ్రీల వరకు అటూ ఇటూ చూపవచ్చు గనుక, వాడే ముందు రెంటినీ ఒకదానితో ఒకటి సరిచూసుకోవాలి. రెండు కొనలనూ రబ్బరు బ్యాండుతో కలిపి కట్టి, గది వేడిమిలో ఉన్న నీటిని థర్మాస్ ఫ్లాస్కులో పోసి అందులో ముంచి, కలియబెట్టి, పది నిమిషాలు ఆగి రీడింగులు రాసుకోవాలి. 40 డిగ్రీల గోరువెచ్చని నీటితోనూ అదే చేసి, కనిపించిన తేడాను తరువాతి లెక్కల్లో సరిచేయాలి. ఈ పని మానేసి ఇంకేం కొన్నా దండగే. 200 వాట్ల వేడి మీద నిమిషానికి 4 లీటర్లు పారే నీరు బ్లాకు దాటేసరికి పెరిగేది సుమారు 0.7 డిగ్రీలే, అంటే సెన్సర్ల తప్పే దాన్ని మింగేయగలదు. నీటి వేడి అన్నిచోట్లా దాదాపు ఒకటే కనుక నీటికి ఒక్క సెన్సర్ సరిపోతుంది.

గాలి సెన్సర్‌ను లోహానికి తగలకుండా, గాలి లోపలికి వెళ్లే వైపు వేలాడదీయాలి. ఏసీ ఆగుతూ నడుస్తూ ఉంటే రీడింగు నిలవదు.

బయోస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరిచే సెట్టింగులలో) ప్రాసెసర్ తానే వేగం పెంచుకునే టర్బోను ఆపి, క్లాకు (ప్రాసెసర్ వేగం), వోల్టేజి, ఫ్యాన్లు, పంపు వేగాలను స్థిరంగా ఉంచి, ప్రాసెసర్‌కు పూర్తి పని పెట్టే ప్రైమ్95 ప్రోగ్రాం నడపాలి. లూపులో (నీరు తిరిగే గొట్టాల చుట్టులో) లీటరు నీరుంటే 200 వాట్లకు మొదట్లో దాదాపు 21 సెకన్లకు ఒక డిగ్రీ చొప్పున వేడెక్కి, తరువాత నెమ్మదిస్తుంది. గాలికీ నీటికీ తేడా పది నిమిషాలలో 0.1 డిగ్రీకి మించి కదలని స్థితి వచ్చేవరకు ఆగి, అప్పుడు సగటు తీయాలి. ఉదాహరణకు గాలి 30, నీరు 38, వేడి 160 వాట్లు అయితే, 8ని 160తో భాగించగా వాటుకు 0.05 డిగ్రీలు వస్తుంది; వేరే రోజు కొలిచిన రేడియేటర్‌తో పోల్చవలసింది ఈ అంకెనే.

బ్లాకులను పోల్చేటప్పుడు పేస్టు తుడిచి, కొత్తది రాసి, ఒక్కో బ్లాకును కనీసం మూడుసార్లు బిగించి చూడాలి. ఒకే బ్లాకు బిగింపుల మధ్య వచ్చిన తేడా కన్నా రెండు బ్లాకుల మధ్య తేడా తక్కువైతే, వాటిని సమానమనే రాయాలి.