పంచాయతీ కాగితాలు చదవడం – 4వ పాఠం: ఇచ్చే చెయ్యి, పుచ్చుకునే చెయ్యి

పోయిన పాఠంలో తీర్మానాల పుస్తకం చదవడం నేర్చుకున్నాం. ఎవరు ప్రతిపాదించారు, ఎవరు బలపరిచారు, హాజరు సంతకాలు ఎక్కడుంటాయి అన్నది మీకిప్పుడు తెలుసు. ఈసారి ఆ పుస్తకం పక్కన ఓచర్ల కట్ట, అంటే డబ్బు చెల్లించినట్టు చూపే కాగితాల కట్ట, పెట్టుకుని కూర్చుందాం.

పని ఎవరికివ్వాలో తేల్చే మనిషికే ఆ పనిలో సొంత లాభం ఉంటే, పత్రికల్లో దాన్ని ప్రయోజనాల వైరుధ్యం అంటారు. మా కర్నూలు జిల్లా పల్లెల్లో "వాని మనిషికే ఇచ్చుకున్నాడు" అంటారు. రెండో మాటే స్పష్టంగా ఉంది. లంచం వేరు, ఇది వేరు. లంచంలో డబ్బు చేతులు మారుతుంది, ఇక్కడ మారనక్కర్లేదు. మోటారు రిపేరు ఎవరికివ్వాలో తేల్చే మనిషికి ఆ రిపేరు షాపులోనే వాటా ఉంటే చాలు. పని బాగా జరిగి ఉండొచ్చు, రేటు కూడా సరిగ్గానే ఉండొచ్చు. అయినా ఆ మనిషి ఆ నిర్ణయంలో కూర్చోకూడదు.

నేను ఈ పని నేర్చుకున్నది పత్తికొండ వైపు ఒక ఊళ్లో. ఎండాకాలం. బోరు మోటారు నాలుగోసారి కాలింది. జనం బిందెలతో పంచాయతీ ఆఫీసు ముందు కూర్చున్నారు. మా చుట్టాలాయన ఒకరు అక్కడ వార్డు మెంబరు. "అన్నా, ఒకే మోటారు ఇన్నిసార్లు ఎట్ల కాలుతుందో కాగితాలు చూసి చెప్పు" అన్నాడు. చూశాను. ప్రతి రిపేరుకూ మూడు కొటేషన్లు, అంటే ఎంతకు చేస్తామో షాపులు రాసిచ్చిన రేటు కాగితాలు, పద్ధతిగా జతచేసి ఉన్నాయి. రెండు కర్నూలు షాపులవి, ఒకటి ఆదోనిది. ప్రతిసారీ తక్కువ రేటు ఒక కర్నూలు షాపుదే. చూడ్డానికి తప్పేమీ లేదు. నేనూ కట్ట మూసేసి టీ తాగడానికి లేచాను.

మళ్లీ ఎందుకో బిల్లుల మీది జీఎస్టీ నంబర్లు ఒక కాగితం మీద ఒకదాని కింద ఒకటి రాసుకున్నాను. ఈ పాఠంలో మీరు చేతికి తెచ్చుకోవాల్సింది ఈ ఒక్క అలవాటే. జీఎస్టీ నంబరులో 15 అక్షరాలుంటాయి. మొదటి రెండు రాష్ట్రం కోడ్, ఆంధ్రప్రదేశ్‌కి 37. తర్వాతి పది యజమాని పాన్ నంబరు. కర్నూలు షాపులు రెండింటికీ ఆ పది అక్షరాలూ ఒకటే! బోర్డులు రెండు, పేర్లు రెండు, యజమాని ఒకడే. అంటే మూడు కొటేషన్లలో రెండు ఒకే ఇంట్లో రాసినవి. ఆదోనిది ఊరికే లెక్క నింపడానికి.

ఇంకొంచెం చదవొచ్చు. జీఎస్టీ నంబరులో ఆరో అక్షరం చూడండి. అది పాన్‌లో నాలుగో అక్షరం. అక్కడ 'పి' ఉంటే ఒక వ్యక్తి, 'ఎఫ్' ఉంటే భాగస్వామ్య సంస్థ, 'సి' ఉంటే కంపెనీ. జీఎస్టీ పోర్టల్‌లో నంబరు కొట్టి వెతికితే షాపు బోర్డు పేరుతో పాటు చట్టబద్ధమైన పేరు కూడా కనిపిస్తుంది. వ్యక్తిదైతే సొంత పేరే వస్తుంది. చిన్న షాపులకు నంబరే ఉండకపోవచ్చు, అప్పుడు బిల్లు మీది ఫోన్ నంబరు, చిరునామా పోల్చుకోండి. చేతిరాత కూడా చూడండి, నవ్వొస్తుంది కొన్నిసార్లు.

యజమాని పేరు దొరికింది. ఆయనకూ పంచాయతీకీ ఏం సంబంధం? కొత్తగా నేర్చుకునేవాళ్లు పొరపాటు పడేది ఇక్కడే. ఇంటిపేరు కలిస్తే చుట్టం అనుకుంటారు. మన సీమలో ఒకే ఇంటిపేరుతో ఊళ్లకు ఊళ్లున్నాయి. అసలు బంధుత్వం ఇంటిపేరు కలవని చోటే ఎక్కువ. బావమరిది, అల్లుడు, తోడల్లుడు, వియ్యంకుడు, వీళ్లెవరి ఇంటిపేరూ కలవదు. పత్తికొండ వైపు ఊళ్లో తేలిందీ అదే, ఒక అధికారి తోడల్లుడు. కాగితంలో దొరకలేదది, పెళ్లి పత్రికలో దొరికింది. మహిళా సర్పంచ్ ఉన్న ఊళ్లో భర్త వైపు, పుట్టింటి వైపు రెండూ చూడాలి. సంతకం ఆమెది, బేరం ఇంకొకరిది అయిన ఊళ్లు మీకూ తెలుసు.

చట్టం సంగతి క్లుప్తంగా. 1994 పంచాయతీరాజ్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం పంచాయతీతో నడుస్తున్న కాంట్రాక్టులోగానీ పనిలోగానీ ప్రయోజనం ఉన్నవాళ్లు పదవికి అనర్హులు. కంపెనీలో డైరెక్టరు కాకుండా ఉత్త వాటాదారుగా ఉన్నంత మాత్రాన అది వర్తించదు. బంధువుకు పని దక్కిందని చూపినంత మాత్రాన కూడా పదవి పోదు, ఆ పనిలో సర్పంచ్‌కో మెంబరుకో స్వయంగా వాటా ఉందని తేల్చాలి. కాబట్టి చుట్టరికం కనబడగానే ఫిర్యాదు రాయొద్దు. ఉద్యోగుల విషయంలో ఇంకో సెక్షన్ ఉంది. కొనకూడదని చట్టం కట్టడి చేసిన ఆస్తిని ప్రభుత్వోద్యోగి తన పేరు మీదగానీ ఇంకొకరి పేరు మీదగానీ కొన్నా, వేలం పాడినా నేరం. పాత శిక్షాస్మృతిలో అది 169వ సెక్షన్, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 203. చింతచెట్ల కాయ, సంత ఆశీలు, దుకాణం గదుల వేలం కాగితాలు చూసేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. దండోరా ఎప్పుడు వేశారు, ధరావతు (డిపాజిట్) ఎందరు కట్టారు, పాట ఎవరి పేరుతో ఆగింది, ఈ మూడూ రాసుకుంటే చాలు. వేలం మీద ప్రత్యేకంగా ఒక పాఠమే ఉంది, ఇక్కడ ఆగుదాం.

కాగితాలు ఎక్కడ దొరుకుతాయి? పంచాయతీల లెక్కలు పెట్టే ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్‌లో, కేంద్ర ఆర్థిక సంఘం సిఫారసుతో వచ్చే నిధుల చెల్లింపులు ఇంట్లో కూర్చునే చూడొచ్చు. 2021–26 కాలానికి 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికే కేటాయించారు. అందుకే నేను మోటార్లు, పైపులు, బ్లీచింగ్ పౌడరు ఓచర్లతోనే మొదలుపెట్టమంటాను. కొటేషన్లు, బిల్లుల నకళ్లకు మాత్రం సమాచార హక్కు దరఖాస్తు పెట్టాలి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో దరఖాస్తు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకు గడువు 30 రోజులు.

దరఖాస్తులో ఇలా రాయండి:

"2024 ఏప్రిల్ 1 నుంచి 2025 మార్చి 31 వరకు మా గ్రామ పంచాయతీలో తాగునీటి మోటార్లు, పైపులైన్ల మరమ్మతులకు చేసిన చెల్లింపుల ఓచర్లు, వాటికి జతచేసిన కొటేషన్లు, బిల్లులు, ఆ పనులను ఆమోదించిన తీర్మానాల నకళ్లు ఇప్పించగలరు."

అంతే. "మీ తోడల్లుడికే ఎందుకిచ్చారు?" అని రాస్తే, అది సమాచారం కాదని తిప్పి పంపేస్తారు. ఎందుకు అడుగుతున్నారో మీరు చెప్పాల్సిన పని కూడా లేదు, చట్టంలోనే ఆ మాట ఉంది. సెక్రటరీతో మాట్లాడేటప్పుడు మర్యాదగా మాట్లాడండి. చాలామందికి పైనుంచీ కిందినుంచీ టెన్షనే, కాగితం అడిగినవాడు శత్రువులా కనిపిస్తాడు.

ఈ వారం పని. ఒక నోటుపుస్తకంలో పేజీ మధ్యన గీత గీయండి. ఎడమవైపు మీ పంచాయతీ సర్పంచ్, మెంబర్లు, సెక్రటరీ, పని కొలిచి ఎం-బుక్ (కొలతల పుస్తకం) రాసే ఇంజనీరు. కుడివైపు గత ఏడాది చెల్లింపులు అందుకున్న పేర్లు, పక్కన జీఎస్టీ నంబర్లు. రెండు వైపులా కలిసే చోట పెన్సిల్‌తో చుక్క పెట్టండి, పెన్నుతో వద్దు. ప్రతి చుక్కకూ తీర్మానం తీసి, ఆ రోజు ఆ మనిషి సమావేశంలో ఉన్నాడా, తనకు సంబంధం ఉందని చెప్పి బయటికి వెళ్లాడా, లేక తానే బలపరిచాడా అన్నది తేదీతో సహా రాయండి. సగం చుక్కలు అక్కడే చెరిగిపోతాయి. మిగిలినవాటితో వచ్చే పాఠానికి రండి.