బార్బస్టెల్ గబ్బిలాన్ని వినాలంటే ముందు ఎండిపోయిన ఓక్ చెట్టు వెతకండి

ఇంగ్లండ్ అడవుల్లో బార్బస్టెల్ కోసం వెళ్ళినవాళ్ళు చాలామంది బ్యాట్ డిటెక్టర్ (మన చెవికి అందని గబ్బిలాల అరుపుల్ని వినపడేలా మార్చే పరికరం) పట్టుకుని ఎక్కడో ఒకచోట నిలబడి ఏమీ వినపడక తిరిగొచ్చేస్తారు. ఎందుకంటే ఇది చాలా మెల్లగా అరిచే గబ్బిలం, గాల్లో వేటాడే మిగతా గబ్బిలాల కంటే పది నుంచి వంద రెట్లు తక్కువ సౌండ్. దీని తిండి దాదాపు అంతా మాత్‌లే, అంటే రాత్రిపూట లైటు చుట్టూ తిరిగే సీతాకోకల్లాంటి పురుగులు, వాటిలో చాలావాటికి చెవులున్నాయి, గబ్బిలం అరుపు దూరం నుంచే విని తప్పించుకుంటాయి. బార్బస్టెల్ మాత్రం పురుగుకి తెలిసేలోపే మీదికొచ్చేస్తుంది. నాకు దీనిమీద ఇంత ఇష్టం రావడానికి కారణం అదే.

ఇంత మెల్లగా అరుస్తుంది కాబట్టి అది ఉండేచోటికి దగ్గర్లోనే నిలబడాలి, అందుకే పగలే వెళ్ళి చెట్లు చూసుకోండి. ససెక్స్‌లోని ఎబర్నో కామన్, ద మెన్స్ లాంటి పాత అడవులు దీనికి పేరుపడ్డవి. చచ్చిపోయిన ఓక్ చెట్టుకి బెరడు ఊడి, కాండానికి దానికి మధ్య వేలు పట్టేంత సందు ఉంటే ఇది ఉండేది అలాంటిచోటే. కానీ నిన్న ఉన్న చెట్టులో ఇవాళ ఉండకపోవచ్చు, తరచూ చోటు మారుస్తుంది, అందుకే ఒక్క చెట్టు కాదు అలాంటి చెట్లు చాలా ఉన్న అడవి కావాలి.

బెరడు మాత్రం లాగొద్దు, టార్చ్ వేసి లోపలికి తొంగిచూడొద్దు. జూన్, జూలైల్లో తల్లులు పిల్లలతో ఉంటాయి, సాధారణంగా ఏడాదికి ఒక్కటే పిల్ల. లైసెన్స్ లేకుండా వాటిని డిస్టర్బ్ చేస్తే అక్కడి 1981 వన్యప్రాణుల రక్షణ చట్టం ప్రకారం నేరం కూడా.

సూర్యాస్తమయానికి ముందే చెట్ల మధ్య దారి పక్కన కదలకుండా నిలబడి డిటెక్టర్‌ని 32 కిలోహెర్ట్జ్ దగ్గర పెట్టండి. 45 దగ్గర గట్టిగా వినిపించేది కామన్ పిపిస్ట్రెల్ అనే వేరే గబ్బిలం, దాన్ని వదిలేయండి. బార్బస్టెల్ వస్తే చిడతలు వాయించినట్టు టకటకమని చప్పుడు, దగ్గర నుంచి పోతేనే వినిపిస్తుంది, రెండు మూడు సెకన్లలో అయిపోతుంది. ఇంకా వెలుతురుంటే పైకి చూడండి, నల్లటి బొచ్చు, నుదుటి మీద కలిసిపోయిన వెడల్పాటి చెవులు, పగ్ కుక్కలాంటి చప్పిడి ముక్కు ఉంటాయి గానీ ఎగిరేటప్పుడు అవేమీ కనపడవు, నల్లటి నీడ ఒకటి దారి దాటినట్టు ఉంటుంది అంతే, చెవి మీదే ఆధారపడండి.