చేజారిన జీమెయిల్ ఖాతాను తిరిగి దక్కించుకునే విధానం

జీమెయిల్ ఖాతా తెరుచుకోనప్పుడు ముందుగా తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. పాస్‌వర్డ్ మనమే మరిచిపోయామా, గూగుల్ సంస్థ ఖాతాను నిలిపివేసిందా, లేక ఖాతా పరుల చేతిలో పడిందా? ఈ మూడింటికీ దారులు వేరు. లాగిన్ తెర మీద వచ్చే వాక్యాన్ని విసుక్కోకుండా పూర్తిగా చదివితే చాలా సందర్భాల్లో జవాబు అక్కడే దొరుకుతుంది. పాస్‌వర్డ్ తప్పు అని మాత్రమే వస్తే అది మరపు కావచ్చు. పాస్‌వర్డ్ ఇన్ని గంటల క్రితమో ఇన్ని రోజుల క్రితమో మారింది అని వచ్చి, ఆ మార్పు మీరు గానీ మీ ఇంట్లోవారు గానీ చేసినది కాకపోతే, ఖాతా మరొకరి చేతికి వెళ్లిందనే అనుకోవాలి. ఖాతా డిజేబుల్ అయిందని వస్తే నిబంధనలను ఉల్లంఘించారన్న కారణంతో గూగులే దాన్ని ఆపిందని అర్థం. అప్పుడు అదే తెర మీద కనిపించే అప్పీలు ద్వారా వెళ్లాలి తప్ప పాస్‌వర్డ్ మార్చే ప్రయత్నాలు పనికిరావు. ఇక కళాశాలో, ఉద్యోగం చేసే సంస్థో ఇచ్చిన మెయిల్ ఐడీ అయితే ఇంత శ్రమే అక్కరలేదు. అక్కడి ఐటీ విభాగపు అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్‌ను రీసెట్ చేసి ఇవ్వగలరు.

మరపు వల్ల పోయినా, దొంగ వల్ల పోయినా, సొంత జీమెయిల్ ఖాతాను తిరిగి ఇప్పించేందుకు గూగుల్‌లో ఫోను ఎత్తి మాట్లాడే మనిషి ఉండరు. ప్రశ్నలు అడిగేదీ, జవాబులను తూచేదీ యంత్రమే. ఈ ఫోన్ నుంచి, ఈ వైఫై నుంచి, ఈ ఊరి నుంచి వీరు ఇంతకుముందు ఈ ఖాతాలోకి వచ్చేవారా, పాత పాస్‌వర్డ్‌లలో ఒక్కటైనా వీరికి తెలుసా అన్నవే దానికి కావలసిన సాక్ష్యాలు. ఇంటర్నెట్‌లో వెతికితే కనిపించే 'జీమెయిల్ కస్టమర్ కేర్' నంబర్లను నమ్మరాదనడానికి కారణం ఇదే. ఖాతా తెరిపిస్తామని చెప్పుకొనే ఏ సేవతోనూ తమకు సంబంధం లేదని గూగులే ప్రకటించింది. ఆ నంబర్లకు ఫోన్ చేస్తే స్క్రీన్ షేరింగ్ యాప్ వేసుకోమంటారు, ఓటీపీ చదవమంటారు. మెయిల్‌తో మొదలైన నష్టం బ్యాంకు ఖాతా దాకా పాకుతుంది.

తొందరలో చేయకూడని పనులు

ఫోన్‌లో వైరస్ ఉందేమోనన్న భయంతో వెంటనే ఫ్యాక్టరీ రీసెట్ చేయడం చాలామందికి అలవాటు. ఖాతా తిరిగి చేతికి వచ్చేవరకూ ఆ పని చేయవద్దు. ఇన్నాళ్లుగా ఆ ఖాతా వాడిన ఫోనే మీ తరఫున అన్నిటికంటే బలమైన సాక్షి. రీసెట్ చేస్తే ఆ సాక్ష్యం తుడిచిపెట్టుకుపోతుంది. పైగా ఆండ్రాయిడ్ ఫోన్‌లలో దొంగతనాన్ని అడ్డుకోవడానికి పెట్టిన రక్షణ వల్ల, రీసెట్ తరువాత అంతకుముందు అందులో ఉన్న గూగుల్ ఖాతా వివరాలనే అడిగి ఫోన్ ఆగిపోయే ప్రమాదం ఉంది. మెయిల్ పోయిందనుకుంటే ఫోన్ కూడా మూలన పడుతుంది. ఖాతాను ఫోన్ నుంచి తొలగించి మళ్లీ చేర్చి చూద్దామన్న ఆలోచన కూడా అలాంటిదే.

అందుకు బదులుగా, ఆ ఖాతా ఇంకా తెరిచి ఉన్న పరికరం ఎక్కడైనా మిగిలి ఉందేమో వెతకాలి. పిల్లలకు ఇచ్చేసిన పాత ట్యాబ్, ఇంట్లో టీవీ పక్కన పడి ఉన్న ల్యాప్‌టాప్, ఆఫీసు కంప్యూటర్‌లోని బ్రౌజర్, ఇవన్నీ చూడదగినవే. ఫోన్‌లో ఖాతా ఇంకా తెరిచే ఉంటే సెట్టింగ్స్‌లోని గూగుల్ విభాగానికి వెళ్లి, సెక్యూరిటీ పేజీలో పాస్‌వర్డ్‌ను మార్చడానికి ప్రయత్నించవచ్చు. పాత పాస్‌వర్డ్ గుర్తులేదని చెబితే ఒక్కోసారి ఫోన్ స్క్రీన్ లాక్‌తోనే ధ్రువీకరణ పూర్తవుతుంది. కంప్యూటర్‌లో క్రోమ్ వాడేవారు దాని సెట్టింగ్స్‌లోని పాస్‌వర్డ్ మేనేజర్‌ను కూడా తెరిచి చూడాలి. ఎప్పుడో భద్రపరచిన పాస్‌వర్డ్ అందులో ఉండవచ్చు. అది ఇప్పుడు చెల్లకపోయినా, తరువాత అడిగే ప్రశ్నకు జవాబుగా పనికొస్తుంది.

రికవరీ పేజీలో నడవవలసిన తీరు

లాగిన్ తెర మీది 'పాస్‌వర్డ్ మర్చిపోయారా?' అన్న లింకును నొక్కినా, బ్రౌజర్‌లో g.co/recover (జి.కో/రికవర్) అన్న చిరునామాను టైపు చేసినా ఒకే చోటికి చేరతారు. ఈ ప్రయత్నాన్ని ఎప్పుడూ వాడే ఫోన్‌లో, ఎప్పుడూ వాడే బ్రౌజర్‌లో, ఇంట్లోనో ఆఫీసులోనో మామూలుగా కూర్చునే చోటి నుంచే చేయాలని గూగుల్ సూచిస్తుంది. స్నేహితుడి ఫోన్‌లోనో, నెట్ సెంటర్‌లోనో, ప్రయాణంలో రైల్వే స్టేషన్ వైఫై మీదనో ప్రయత్నిస్తే యంత్రానికి మీరు కొత్త మనిషిలా కనిపిస్తారు. మీరు ఉన్న చోటును దాచి మరో ఊరి నుంచి వస్తున్నట్టు చూపే వీపీఎన్ యాప్ ఏదైనా ఉంటే ముందే ఆపివేయాలి.

గుర్తున్న చివరి పాస్‌వర్డ్ అడిగినప్పుడు ఖాళీగా దాటవేయవద్దు. సరిగ్గా గుర్తులేకపోయినా ఊహించి రాయవచ్చు; తప్పు ఊహ వల్ల ఆ ప్రక్రియ నుంచి మిమ్మల్ని బయటికి పంపరు. అంతకుముందు వాడిన పాస్‌వర్డ్ గుర్తుంటే అదే రాయండి, పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడాతో సహా. తరువాత రికవరీ నంబరుకు గానీ రికవరీ మెయిల్‌కు గానీ, అంటే ఇలాంటి అవసరం కోసం ఖాతాలో ముందే ఇచ్చి ఉంచిన ఫోన్ నంబరుకో వేరే మెయిల్ ఐడీకో, కోడ్ పంపుతామంటుంది. అందులో మీ దగ్గర లేనిది వస్తే 'మరో విధంగా ప్రయత్నించండి' అన్నదాన్ని నొక్కుతూ ముందుకు వెళ్లాలి. మిమ్మల్ని సంప్రదించడానికి ఒక మెయిల్ ఐడీ ఇవ్వమంటే, ఇప్పుడు మీరు తెరవగలిగినదే ఇవ్వాలి. అక్కడికి రావలసిన ఉత్తరం కనిపించకపోతే స్పామ్ ఫోల్డర్‌లో చూడాలి. కొన్నిసార్లు జవాబు వెంటనే రాదు; కొన్ని గంటలో, కొన్ని రోజులో ఆగమంటుంది. అలా ఆపడం ఖాతాదారును వేధించడానికి పెట్టినదేమీ కాదు. ఈలోగా అసలు యజమానికి హెచ్చరికలు వెళ్తాయి, ప్రయత్నిస్తున్నది దొంగ అయితే ఆయన అడ్డుకోగలుగుతారు. ఆ గడువులో గంటకోసారి కొత్తగా ప్రయత్నిస్తే, ప్రయత్నాలు మితిమీరాయన్న సందేశంతో తలుపు మరికొంతకాలం మూసుకుపోయే అవకాశమే ఎక్కువ.

ఖాతాను దొంగిలించినవాడు సాధారణంగా చేసే మొదటి పని రికవరీ నంబరునూ రికవరీ మెయిల్‌నూ తనవిగా మార్చుకోవడం. ఇక్కడే చాలామంది ఆశ వదులుకుంటారు, అయితే అది పొరపాటు. రికవరీ వివరాలు మారిన తరువాత 7 రోజుల వరకూ పాత నంబరుకు లేదా పాత మెయిల్‌కు కోడ్ పంపించుకునే వీలును గూగుల్ ఉంచవచ్చు. అందుచేత 'మీ రికవరీ ఫోన్ మారింది' అన్న హెచ్చరిక కనిపించిన రోజే రికవరీ మొదలుపెట్టాలి. పండుగ అయ్యాక చూద్దాం, మేనల్లుడు వచ్చాక చూపిద్దాం అనుకుంటే ఆ వారం కాస్తా గడిచిపోతుంది.

హాట్‌మెయిల్, అవుట్‌లుక్ ఖాతాల పద్ధతి కొంత వేరు. అక్కడ మైక్రోసాఫ్ట్ రికవరీ ఫారాన్ని రోజుకు రెండుసార్లకు మించి పంపలేరు; రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డ్ తరువాత మరో కోడ్‌నో, ఫోన్ మీద అనుమతినో కూడా అడిగే పద్ధతి) పెట్టుకున్న ఖాతాకు ఆ ఫారం అసలు పనిచేయదు. కోడ్‌లు అందుకునే నంబరు, మెయిల్ వంటి భద్రతా వివరాలన్నిటినీ ఒకేసారి మార్చితే ఆ మార్పు అమల్లోకి రావడానికి 30 రోజులు ఆగవలసి ఉంటుంది.

రికవరీ నంబరే చేతిలో లేకపోతే

ఫోన్ పోయి, నంబరు ఇంకా మీ పేరుమీదే ఉంటే పని సులువే. ఆధార్‌తో సంబంధిత కంపెనీ స్టోరుకు వెళ్లి అదే నంబరుతో కొత్త సిమ్ తీసుకోవచ్చు. సిమ్ మార్చిన తరువాత 24 గంటలపాటు ఎస్సెమ్మెస్‌లు రావు. సిమ్ మోసాలను అడ్డుకోవడానికి టెలికాం శాఖ పెట్టిన నిబంధన అది. కాబట్టి స్టోరు మెట్ల మీద నిలబడి కోడ్ కోసం ఎదురుచూడకుండా, మరునాడు ఇంటి వైఫై మీద ప్రయత్నించాలి.

అసలు చిక్కు రీచార్జి లేక పోయిన నంబర్లతో వస్తుంది. 90 రోజులపాటు వాడకం లేని ప్రీపెయిడ్ నంబరును కంపెనీ రద్దు చేయవచ్చు. ఆ తరువాత కొంతకాలానికి అదే నంబరు వేరొకరికి వెళ్తుంది. డల్లాస్‌లో చదువుకో, దుబాయ్‌లో ఉద్యోగానికో వెళ్లి ఇండియా సిమ్‌ను సొరుగులో పడేసిన తెలుగువాళ్లలో చాలామందికి ఈ సంగతి మెయిల్ తెరుచుకోని రోజునే తెలుస్తుంది. నంబరు ఇంకా ఎవరికీ కేటాయించకపోతే కంపెనీని అడిగి చూడవచ్చు. వేరొకరికి వెళ్లిపోయి ఉంటే ఆ దారి మూసుకున్నట్టే. ఆ అపరిచితుణ్ణి ఓటీపీ చెప్పమని బతిమాలడం కంటే రికవరీ మెయిల్, పాత ఫోన్, పాత పాస్‌వర్డ్ అన్న మిగిలిన ఆధారాల మీదే శక్తి పెట్టాలి.

మన ఊళ్లలో ఇంకో రకం చిక్కు ఉంది. ఎంసెట్‌కో, ఉద్యోగ నోటిఫికేషన్‌కో దరఖాస్తు చేసినప్పుడు నెట్ సెంటర్ నిర్వాహకుడే మెయిల్ ఐడీ తయారుచేసి, రికవరీ నంబరుగా తన నంబరే ఇచ్చి, పాస్‌వర్డ్‌ను చీటీ మీద రాసి ఇచ్చి ఉంటాడు. చీటీ పోయి ఖాతా తెరుచుకోకపోతే, ముందు ఆయన దగ్గరికే వెళ్లి కోడ్ అడగాలి. వీలైతే అదే సెంటర్‌లో, ఖాతా తెరిచిన కంప్యూటర్ మీదే ప్రయత్నించాలి. లోపలికి వెళ్లిన మరుక్షణం ఆయన నంబరును తీసివేసి మీ నంబరు పెట్టుకోవాలి. మొహమాటపడవలసిన పని లేదు.

లోపలికి వెళ్లిన తరువాత

ఖాతా తెరుచుకోగానే పని అయిపోయిందనుకోవడం వల్లనే అదే ఖాతా కొద్ది రోజులకే మళ్లీ పోతుంది. దొంగ ఎలా వచ్చాడో ముందు ఆలోచించాలి. పైరసీ సాఫ్ట్‌వేర్ ద్వారా కంప్యూటర్‌లో చేరిన మాల్వేర్ (హానికర ప్రోగ్రామ్) బ్రౌజర్‌లోని లాగిన్ కుకీలను, అంటే మీరు ఇప్పటికే లోపల ఉన్నారని గుర్తుంచుకునే చిన్న ఫైళ్లను, దొంగిలించి ఉంటే, అతనికి పాస్‌వర్డ్‌తోనూ ఓటీపీతోనూ అవసరమే పడి ఉండదు. అటువంటి కంప్యూటర్‌లోనే కొత్త పాస్‌వర్డ్ టైపు చేస్తే అది కూడా అతనికే చేరుతుంది. అందుచేత అనుమానం లేని ఫోన్ నుంచి పాస్‌వర్డ్ మార్చి, ఆ కంప్యూటర్‌ను శుభ్రం చేసిన తరువాతే దానిలో మళ్లీ లాగిన్ కావాలి.

గూగుల్ ఖాతా సెక్యూరిటీ పేజీలో పరికరాల జాబితా చూసి, మీది కానిదాన్ని ఒక్కొక్కటిగా సైన్ అవుట్ చేయాలి. పాస్‌వర్డ్ మార్చితే దాదాపు అన్ని పరికరాల్లోనూ ఖాతా మూసుకుంటుంది గానీ, మీ ఖాతాను వాడుకునే అనుమతి పొందిన థర్డ్ పార్టీ యాప్‌లు, అంటే గూగుల్‌వి కాని ఇతర కంపెనీల యాప్‌లు, మిగిలిపోవచ్చు. వాటిలో గుర్తుపట్టలేని వాటి అనుమతులు రద్దు చేయాలి. రికవరీ నంబరు, రికవరీ మెయిల్, పాస్‌కీలు (పాస్‌వర్డ్‌కు బదులు వేలిముద్రతోనో, ఫోన్ లాక్‌తోనో లోపలికి పంపేవి), ఆథెంటికేటర్ యాప్ (లాగిన్ కోడ్‌లు చూపే యాప్), వీటిలో దొంగ పెట్టినవి ఏవైనా ఉంటే తీసివేయాలి. ఫోన్ చేతిలో లేనప్పుడు లాగిన్ కోసం గూగుల్ ముందుగానే ఇచ్చే బ్యాకప్ కోడ్‌లను కొత్తగా తీసుకుంటే పాతవి చెల్లకుండా పోతాయి.

అన్నిటికంటే ఎక్కువ మంది వదిలేసేది జీమెయిల్ సెట్టింగ్స్‌ను. ఇవి ఫోన్ యాప్‌లో పూర్తిగా కనిపించవు కాబట్టి కంప్యూటర్ బ్రౌజర్‌లోనే తెరవాలి. మొదట ఫిల్టర్లు చూడండి. బ్యాంకు నుంచి వచ్చే ఉత్తరాలూ, పాస్‌వర్డ్ అన్న మాట ఉన్న ఉత్తరాలూ ఇన్‌బాక్స్‌కు రాకుండా నేరుగా ట్రాష్‌కో, మరో చిరునామాకో పోయేలా దొంగ ఒక ఫిల్టర్ పెట్టి వెళ్తే, పాస్‌వర్డ్ ఎన్నిసార్లు మార్చినా అది తన పని తాను చేస్తూనే ఉంటుంది. తరువాత ఫార్వార్డింగ్, పాప్, ఐమ్యాప్ విభాగంలో, మీ ఉత్తరాలు మరో చిరునామాకో, మరో మెయిల్ యాప్‌కో వెళ్లే ఏర్పాటు ఉందేమో చూడాలి. ఆపైన అకౌంట్స్ విభాగంలో, మీ ఖాతాను వాడుకునే అనుమతి ఇంకెవరికైనా ఇచ్చి ఉందా అన్నదీ, మీ పేరుతో పంపే ఉత్తరాలకు జవాబులు చేరవలసిన చిరునామా మారిందా అన్నదీ పరిశీలించాలి. ఒక్క అక్షరం తేడాతో మీ ఐడీలాగే కనిపించే చిరునామాను అక్కడ పెట్టడం పాత ఎత్తుగడ. పేజీ అడుగున కుడివైపు ఉండే 'డీటెయిల్స్' అన్న లింకు నొక్కితే ఇటీవల ఏ ఐపీ అడ్రసు (ఇంటర్నెట్ కనెక్షన్‌కు ఉండే సంఖ్యల చిరునామా) నుంచి ఖాతా తెరిచారో కనిపిస్తుంది. దానికి స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి.

తొలగించిన ఉత్తరాలు ట్రాష్‌లో 30 రోజులు ఉంటాయి. కాంటాక్టులను చెరిపివేసి ఉంటే గూగుల్ కాంటాక్ట్స్‌లో మార్పులను వెనక్కి తీసుకునే సదుపాయం కూడా 30 రోజుల వరకే పనిచేస్తుంది. మీ పేరుతో డబ్బు అడుగుతూ బంధువులకు ఉత్తరాలు వెళ్లి ఉంటే సెంట్ ఫోల్డర్‌లో చూసి, వారికి ఫోన్ చేసి చెప్పాలి. ఈ మెయిల్‌తో ముడిపడిన బ్యాంకు, ఆదాయపు పన్ను, పీఎఫ్, ఫేస్‌బుక్ ఖాతాల పాస్‌వర్డ్‌లను, డబ్బుతో సంబంధం ఉన్నవాటితో మొదలుపెట్టి, అదే రోజు మార్చుకోవాలి.

ఫిర్యాదు

డబ్బు పోయి ఉంటే మెయిల్ సంగతి పక్కన పెట్టి ముందు సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. డబ్బు పోకపోయినా సైబర్‌క్రైమ్.గవ్.ఇన్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. ఇతరుల పాస్‌వర్డ్‌ను మోసపూరితంగా వాడుకోవడం ఐటీ చట్టం, 2000లోని 66సీ సెక్షన్ కింద నేరం. 3 సంవత్సరాల వరకు జైలుశిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. పోలీసులు ఖాతాను తెరిపించి ఇస్తారని ఆశించకూడదు గానీ, మీ పేరుతో తరువాత ఏదైనా మోసం జరిగితే ఆ ఫిర్యాదు రసీదు మీకు అండగా నిలుస్తుంది. గూగుల్ పంపిన హెచ్చరిక ఉత్తరాలను తొలగించకుండా అలాగే ఉంచాలి.

ఇక ముందుకు చేసుకోవలసిన ఏర్పాటు పెద్దదేమీ కాదు. రెండంచెల ధ్రువీకరణ పెట్టుకుని, గూగుల్ ఇచ్చే 10 బ్యాకప్ కోడ్‌లను కాగితం మీద ప్రింట్ తీసి భూమి పత్రాలు ఉంచే చోటే ఉంచండి. ఒక్కో కోడ్ ఒక్కసారే పనిచేస్తుంది కాబట్టి వాడినదాన్ని కొట్టివేస్తూ ఉండాలి. విదేశాలకు వెళ్లేవారు విమానం ఎక్కకముందే రికవరీ మెయిల్‌ను సరిచూసుకుని, అక్కడ కొత్త నంబరు రాగానే దాన్ని ఖాతాలో చేర్చి, ఆ తరువాతే ఇండియా నంబరు సంగతి ఆలోచించాలి. రెండేళ్లపాటు తెరవని సొంత ఖాతాలను తొలగించే విధానాన్ని గూగుల్ 2023 డిసెంబరు నుంచి అమలు చేస్తోంది కనుక, రికవరీ కోసమే ఉంచుకున్న రెండో మెయిల్‌ను కూడా అప్పుడప్పుడు తెరుస్తూ ఉండాలి.