ట్రబుల్ అనే మాటను ఇంగ్లీషులో ఎక్కడ ఎలా వాడాలి

బండి ట్రబుల్ ఇస్తోంది, నాన్నకి గ్యాస్ ట్రబుల్, పిల్లాడు తెగ ట్రబుల్ చేస్తున్నాడు. ఈ మాట మన నోళ్లలో ఎంతగా నానిపోయిందంటే ఇంగ్లీషు మాటన్న సంగతే గుర్తుండదు. తెలుగులో మాట్లాడుకున్నంతసేపూ ఎలా వాడినా నడిచిపోతుంది. ఇంగ్లీషులో వాక్యం రాయాల్సి వచ్చినప్పుడు, అందులోనూ ప్రొఫెసర్‌కో మేనేజర్‌కో మెయిల్ పెట్టేటప్పుడు తిప్పలు మొదలవుతాయి.

డిక్షనరీ తీస్తే కష్టం, బాధ, ఇబ్బంది అని వరసగా ఉంటాయి. వాటిని బట్టీ పట్టి లాభం లేదు. మీ మనసులో ముందు తెలుగు మాట ఏది మెదిలిందో చూసుకోండి: ఇబ్బందా, చిక్కా, శ్రమా, కలతా? మనం విడివిడిగా చెప్పుకునే వీటన్నిటినీ ఇంగ్లీషువాళ్లు ట్రబుల్ ఒక్కదానితోనే లాగించేస్తారు, కాకపోతే దాని పక్కన చేరే చిన్న మాట మారుతుంది, అర్థం తేల్చేది ఆ చిన్న మాటే.

అన్నిటికంటే ఎక్కువ కొంప ముంచేది హ్యావ్‌కీ ఇన్‌కీ ఉన్న తేడా. 'ఐ యామ్ హ్యావింగ్ ట్రబుల్ విత్ ద అసైన్‌మెంట్' అంటే అసైన్‌మెంట్ కొరుకుడు పడటం లేదని, అంతే. 'ఐ యామ్ ఇన్ ట్రబుల్' అంటే ఇరుక్కుపోయాను, నా పని అయిపోయింది అని. దీని వెనకాల చీవాట్లో, శిక్షో, అప్పులవాళ్లో, ఏదో ఒక ప్రమాదం కాచుకుని ఉంటుంది. పైగా 'ఇన్ ట్రబుల్ విత్' అన్నాక మామూలుగా మన మీద గుర్రుగా ఉన్నవాళ్ల పేరు వస్తుంది: విత్ ద పోలీస్, విత్ మై మదర్. అమెరికాలో చదువుతున్న కుర్రాడు లెక్క అర్థం కాక 'ఐ యామ్ ఇన్ ట్రబుల్ విత్ యువర్ కోర్స్' అని మెయిల్ కొట్టాడనుకోండి, అవతలాయన ముందు వీడు కాపీ కొట్టి దొరికిపోయాడేమో అనుకున్నా ఆశ్చర్యం లేదు. సాయం కావాలంటే హ్యావింగ్, పీకల మీదికి వస్తే ఇన్. అన్నట్టు, పాతకాలం ఇంగ్లీషు కథల్లో ఒక అమ్మాయి 'ఇన్ ట్రబుల్' అని కనిపిస్తే చాలాసార్లు అది పెళ్లి కాకుండానే నెల తప్పిందని చాటుగా చెప్పడం.

హ్యావ్ ట్రబుల్ తర్వాత క్రియ వస్తే దానికి ఇంగ్ తగిలించాలి. 'ఐ హ్యావ్ ట్రబుల్ స్లీపింగ్' సరైనది, 'ట్రబుల్ టు స్లీప్' తప్పు. నిద్రపోవడానికి ఇబ్బందిగా ఉంది అని మనసులో అనుకుంటాం కాబట్టి ఆ 'డానికి' కాస్తా టు అయి కూర్చుంటుంది. ఈ ఒక్కటి సరిచేసుకుంటే మీ ఇంగ్లీషు సగం తేటపడుతుందని నేను ఒట్టేసి చెప్పను గానీ, వినేవాళ్లకి తేడా మాత్రం తెలుస్తుంది.

కానీ టేక్ చేరితే లెక్క తిరగబడుతుంది. 'షీ టుక్ ద ట్రబుల్ టు కాల్ మీ' అంటే ఆవిడ శ్రమ తీసుకుని మరీ ఫోన్ చేసింది. ఇక్కడ టు ఉండాల్సిందే. శ్రమ తీసుకోవడం, టేక్ ద ట్రబుల్, రెండు భాషల్లోనూ ఒకే పోకడ కాబట్టి ఇది మనకి తేలిక. ఎవరింటికైనా వెళితే వాళ్లు మన కోసం నాలుగు రకాలు వండిపెట్టారనుకోండి, 'యూ వెంట్ టు సో మచ్ ట్రబుల్' అనొచ్చు. వాళ్లు 'నో ట్రబుల్ ఎట్ ఆల్' అంటారు, మన 'అయ్యో, అందులో ఏముందండీ' లాగే.

ఒకటి, రెండు అని లెక్కపెట్టేటప్పుడు జాగ్రత్త. ప్రాబ్లమ్ ముందు ఎ పెట్టొచ్చు, ట్రబుల్ ముందు పెట్టకూడదు. 'ఐ హ్యావ్ ఎ ట్రబుల్' అనరు, 'సమ్ ట్రబుల్' అనో 'ఎ లాట్ ఆఫ్ ట్రబుల్' అనో అంటారు. ట్రబుల్స్ అన్న బహువచనం లేకపోలేదు, అది బతుకులోని కష్టాల గురించి చెప్పేటప్పుడు, 'మనీ ట్రబుల్స్' అన్నట్టు. ఐర్లాండ్ చరిత్ర చదువుతుంటే మాత్రం పెద్దక్షరంతో 'ద ట్రబుల్స్' అని తగులుతుంది. ఉత్తర ఐర్లాండ్‌లో 1960ల చివర మొదలై 1998 గుడ్ ఫ్రైడే శాంతి ఒప్పందం దాకా సాగిన రక్తపాతానికి అది పేరు. 3,500 మందికి పైగా చనిపోయిన ఘర్షణని అంత మెత్తటి మాటతో పిలవడం నాకైతే విడ్డూరంగానే ఉంటుంది.

ట్రబుల్డ్, ట్రబుల్‌సమ్, ట్రబులింగ్ ఒకదానికి బదులు ఒకటి వాడితే గొడవే. స్కూల్ మీటింగ్‌లో టీచర్ మీ పిల్లాణ్ణి 'ట్రబుల్డ్ చైల్డ్' అందంటే వాడి మనసులో ఏదో కలత ఉందని, కాస్త కూర్చుని మాట్లాడమని. 'ట్రబుల్‌సమ్' అందంటే వాడు క్లాసులో అందరినీ సతాయిస్తున్నాడని. మొదటిదానికి ఇంటికొచ్చి తిట్టారంటే అన్యాయం. ట్రబులింగ్ అంటే మనల్ని ఆందోళన పెట్టేది, ట్రబులింగ్ న్యూస్ లాంటిది. ఈ మాట మూలం లాటిన్‌లో కలకబారిన, మడ్డి నీళ్లని చెప్పే మాటలో ఉంది. మన కలతకీ నీళ్లు కలకబారడానికీ చుట్టరికం ఉంది కాబట్టి ట్రబుల్డ్ అంటే కలత అని పెట్టుకుంటే మర్చిపోరు.

ఇక నానుడుల సంగతికొస్తే మనకి రెడీగా జోడీలు ఉన్నాయి. 'ఆస్కింగ్ ఫర్ ట్రబుల్' అంటే కొరివితో తల గోక్కోవడం. 'లుకింగ్ ఫర్ ట్రబుల్' అంటే కయ్యానికి కాలు దువ్వడం. 'ద ట్రబుల్ ఈజ్' అని మొదలెడితే వచ్చిన చిక్కేమిటంటే అని. మనిషినే పట్టుకుని 'హీ ఈజ్ ట్రబుల్' అంటే వాడితో పెట్టుకోకు అని అర్థం, అదే 'హీ ఈజ్ ఇన్ ట్రబుల్' అంటే పాపం వాడే ఇరుక్కున్నాడు. పేపర్లలో రాజకీయ నాయకుల్ని ట్రబుల్ షూటర్ అని రాస్తుంటారు కదా, మొదట్లో ఆ పేరు టెలిగ్రాఫ్, టెలిఫోన్ లైన్లలో ఎక్కడ తెగిందో వెతికి బాగుచేసే పనివాళ్లది.

ఆఫీసులో ఎవరినైనా కదిపేటప్పుడు 'సారీ టు ట్రబుల్ యూ' అనడం మర్యాదే, హాయిగా వాడండి. పిల్లల మీద 'డోంట్ ట్రబుల్ మీ' అని అరవడం మన దగ్గర మామూలే గానీ బయటివాళ్లు అక్కడ ఎక్కువగా బాదర్ వాడతారు. 'డూయింగ్ ట్రబుల్' అసలు లేదు. గొడవ చేస్తుంటే మేకింగ్ లేదా కాజింగ్ ట్రబుల్. 'మై బైక్ ఈజ్ గివింగ్ మీ ట్రబుల్' మాత్రం నిక్షేపంలాంటి ఇంగ్లీషు, మన మెకానిక్ షెడ్డు భాష ఇక్కడ నెగ్గింది.

గ్యాస్ ట్రబుల్‌కే ఆ అదృష్టం లేదు. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లిన అమ్మానాన్నలు అక్కడి డాక్టరుతో ఆ మాటంటే ఆయన ఇంకో నాలుగు ప్రశ్నలు వేస్తాడు, ఎందుకంటే అక్కడ గ్యాస్ అంటే బండిలో పోసే పెట్రోలు కూడా, కడుపు విషయంలో చెబితే ఎక్కువగా కింద నుంచి పోయే గాలి. కడుపు ఉబ్బరమైతే బ్లోటింగ్ అనండి, ఛాతీలో మంటయితే హార్ట్‌బర్న్ అనండి. 'హార్ట్ ట్రబుల్' అని మాత్రం నోరు జారకండి, అది నేరుగా గుండె జబ్బు.