పార్శిల్ మీద అదనంగా డబ్బులు అడిగితే ఏం చేయాలి

పార్శిల్ మీద ఇంకొంత కట్టాలని ఎవరైనా అంటే వెంటనే పర్సు తీయొద్దు, అలాగని వెంటనే గొడవకీ దిగొద్దు. ముందు ఆ డబ్బు ఏ లెక్కన అడుగుతున్నారో తెలుసుకోండి. నిజంగా కట్టాల్సినవీ ఉంటాయి, తప్పు తూకం వల్ల మీద పడినవీ ఉంటాయి, అసలు పోస్టుకి సంబంధమే లేని మోసాలూ ఉంటాయి, ఒక్కోదానికి దారి వేరు.

నెల్లూరు, ఒంగోలు వైపు పెళ్లిళ్ల సీజన్లో ఎక్కువగా వచ్చేది శుభలేఖల గొడవ. మామూలు పోస్టులో ఉత్తరానికి 20 గ్రాముల వరకు 5 రూపాయలు, ఆపైన ప్రతి 20 గ్రాములకీ ఇంకో 5 రూపాయలు. ఇప్పటి శుభలేఖలు చూస్తున్నారు కదా, రెండు మూడు మందపాటి అట్టలు, పైన అతికించిన వినాయకుడు, అన్నీ కలిపి 50 గ్రాములు సులభంగా దాటతాయి. సరిగ్గా 50 గ్రాములే అనుకున్నా 15 రూపాయల స్టాంపులు పడాలి. 5 రూపాయల స్టాంపు ఒక్కటే అంటించి డబ్బాలో వేస్తే 10 తగ్గింది, నిబంధన ప్రకారం తగ్గినదానికి రెట్టింపు, అంటే 20 రూపాయలు, అందుకునేవాళ్ల దగ్గర వసూలు చేస్తారు. ఇది పోస్టుమాన్ సొంతంగా వేసిన లెక్క కాదు, ఆయన మీద అరిచి లాభం లేదు. పిలిచిన పెళ్లికి ముందే డబ్బులు కట్టించడం మాత్రం చాలా బాధగా ఉంటుంది, అందుకే శుభలేఖలు పంపేవాళ్లు ఒక్క కార్డుని పోస్టాఫీసు కాటా మీద పెట్టించి, ఆ తర్వాతే స్టాంపులు కొనాలని నా గట్టి అభిప్రాయం.

ఇక అలాంటి కవరు మీ గడపకి వస్తే తెరవకముందే దాన్ని చూడండి. ఎంత విలువ స్టాంపులు ఉన్నాయి, ఏ ఊరి ముద్ర పడింది, వసూలు చేయాల్సిన మొత్తం దాని మీద రాసి ఉందా? రాసి లేకపోతే ఎందుకు కట్టాలో మర్యాదగా అడగండి: "అన్నా, లెక్క దీని మీద లేదు కదా, నేను ఆఫీసుకొచ్చి తీసుకుంటాను" అంటే సరిపోతుంది. పల్లెల్లో బ్రాంచి పోస్టుమాస్టరు రోజూ కనపడే మనిషే కాబట్టి మాట తూలడం అసలు మంచిది కాదు. తూకం మీదే అనుమానముంటే పోస్టాఫీసుకి వెళ్లి మీ ఎదురుగా మళ్లీ తూయమనండి. కట్టడం ఇష్టం లేకపోతే తీసుకోనని చెప్పేయొచ్చు, అది పంపినవాళ్ల దగ్గరికి తిరిగి వెళ్తుంది. తెరిచేశాక మాత్రం వాదించడానికి పెద్దగా ఏమీ మిగలదు. డబ్బు కట్టేసినా సరే, ఆ కవరు పారేయొద్దు, ఫిర్యాదు చేయాలంటే మీ చేతిలో ఉండే సాక్ష్యం అదే.

స్పీడ్ పోస్టు సంగతి వేరు. 2025లో రిజిస్టర్డ్ పోస్టు కూడా అందులోనే కలిసిపోయింది. ఇది కౌంటర్లో తూచి, డబ్బు కట్టించుకుని, బరువూ మొత్తమూ అచ్చేసిన రసీదు ఇచ్చే పని కాబట్టి ఇంటి దగ్గర మళ్లీ తపాలా ఖర్చు అడిగారంటే గట్టిగానే ప్రశ్నించాలి. పంపినవాళ్లకి ఫోన్ చేసి ఆ రసీదు ఫొటో వాట్సాప్‌లో తెప్పించుకోండి. వీపీపీలోనో (వస్తువు ఇచ్చేటప్పుడే పోస్టుమాన్ దాని ధర వసూలు చేసి పంపినవాళ్లకి చేర్చే పద్ధతి) క్యాష్ ఆన్ డెలివరీలోనో వచ్చిన వస్తువుకీ, విదేశాల నుంచి వచ్చి కస్టమ్స్ డ్యూటీ పడిన పార్శిల్‌కీ డబ్బు అడగడం మామూలే. కానీ మీరు ఆర్డరే ఇవ్వని వీపీపీ వస్తే తీసుకోకండి, ఇంట్లో పెద్దవాళ్లకీ ఈ మాట చెప్పి ఉంచండి.

"మీ పార్శిల్ ఆగిపోయింది, అడ్రస్ సరిగా లేదు, ఈ లింకులో 25 రూపాయలు కట్టండి" అని ఫోన్‌కి మెసేజ్ వస్తే అది తపాలా శాఖ పంపింది కాదు. లింకు నొక్కొద్దు. నొక్కి కార్డు వివరాలు ఇచ్చేసి ఉంటే ఆలస్యం చేయకుండా బ్యాంకుకీ, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కీ ఫోన్ చేయండి.

ఇప్పుడు కొరియర్లు. ఇంటి నుంచి చీరలో, పచ్చళ్లో, ఉదయగిరి చెక్క గరిటెలో ఆన్‌లైన్‌లో అమ్మే ఆడవాళ్లు మన దగ్గర చాలామందే ఉన్నారు, వాళ్లకి వచ్చే లాభం మొత్తాన్ని తినేసేది ఈ తూకం తేడాలే. గరిటెల సెట్టు ఒకటి తూస్తే 1.2 కిలోలు, పెట్టె 30 సెంటీమీటర్ల పొడవు, 25 వెడల్పు, 20 ఎత్తు. కొరియర్లు చాలావరకు ఈ మూడింటినీ గుణించి 5000తో భాగించి, దాన్ని వాల్యూమెట్రిక్ వెయిట్ అంటాయి. 15,000 భాగించు 5,000, అంటే 3 కిలోలు. అసలు బరువుకీ దీనికీ ఏది ఎక్కువైతే దానికే బిల్లు. ఇంతవరకు న్యాయమే, లారీలో చోటు ఆక్రమించేది పెట్టె కదా.

చిక్కు ఎక్కడొస్తుందంటే, మీరు లోపల పేపర్ ముద్దలు కుక్కి టేపు వేసేసరికి పెట్టె పక్కలు ఉబ్బుతాయి, హబ్‌లో, అంటే కొరియర్ వాళ్లు పార్శిళ్లు వేరు చేసే చోట, కొలిచే యంత్రం ఉబ్బిన చోటే కొలుస్తుంది. మూడు కొలతలూ రెండేసి సెంటీమీటర్లు పెరిగితే 32, 27, 22, లెక్క 3.8 కిలోలు, దాన్ని అర కిలోల లెక్కన పైకి సర్దితే 4 కిలోల బిల్లు. రెండు సెంటీమీటర్లకి ఒక కిలో డబ్బులు! కాబట్టి టేపు వేశాక మళ్లీ కొలవండి, అట్ట గట్టిగా ఉన్న పెట్టె వాడండి, బుక్ చేసేటప్పుడు ఆ చివరి కొలతలే రాయండి. 5000 బదులు వేరే అంకెతో భాగించే కంపెనీలూ ఉన్నాయి, మీ ఒప్పందంలో ఏముందో చూసుకోండి.

ఇంత జాగ్రత్తపడ్డా తేడా బిల్లు వచ్చిందంటే మిమ్మల్ని కాపాడేది ఫొటోలు. అవి పార్శిల్ మీ ఇంట్లో ఉండగానే తీసి ఉండాలి. కాటా మీద పెట్టె పెట్టి అంకె కనపడేలా ఒకటి, టేపుతో పొడవు, వెడల్పు, ఎత్తు కొలుస్తూ మూడు, అన్నింట్లోనూ ట్రాకింగ్ నంబరున్న లేబుల్ కనపడాలి. లేబుల్ లేని ఫొటో పంపితే "ఇది ఆ పార్శిలే అని ఏంటి గ్యారంటీ" అని పక్కన పెట్టేస్తారు. తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న కాటా అయితే మీ మాటకి ఇంకా బలం. తేడా చూపించగానే మీరు బుక్ చేసిన యాప్‌లో డిస్ప్యూట్, అంటే అభ్యంతరం, పెట్టండి, దానికి గడువు కొద్ది రోజులే ఉంటుంది, దాటితే ఒప్పుకున్నట్టే లెక్కేసి యాప్‌లో మీరు వేసి ఉంచిన డబ్బు (వాలెట్) నుంచి కోసేస్తారు. హబ్‌లో వాళ్లు తీసిన ఫొటో కూడా అడగండి. ఒక్కోసారి అందులో ఉన్నది వేరేవాళ్ల పెట్టె, లేదంటే పక్క పెట్టెతో కలిపి కొలిచింది, ఆ ఒక్క ఫొటోతోనే డబ్బు వెనక్కొస్తుంది.

ఫిర్యాదు ఎవరికి రాసినా కోపం, కథ వద్దు. ఈమాత్రం చాలు: "ఫలానా తేదీన, ఫలానా నంబరు పార్శిల్‌ను 1.2 కిలోల బరువుతో, 30, 25, 20 సెంటీమీటర్ల కొలతలతో పంపాను. 4 కిలోలకు లెక్కగట్టి ఇంత అదనంగా తీసుకున్నారు. బుకింగ్ వివరాలు, నాలుగు ఫొటోలు జత చేశాను. మీరు కొలిచిన ఫొటో పంపండి, అదనంగా తీసుకున్న మొత్తం తిరిగి ఇవ్వండి." ఫోన్లో మాట్లాడినా ఫిర్యాదు నంబరు తీసుకోకుండా పెట్టేయొద్దు.

పోస్టాఫీసు మీదైతే ముందు అక్కడి పోస్టుమాస్టరుకి రాసివ్వండి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి. తపాలా శాఖ టోల్‌ఫ్రీ నంబరు 1800 266 6868. అక్కడ తేలకపోతే మీ డివిజన్ సూపరింటెండెంటుకి పంపండి, మన వైపు నెల్లూరు, గూడూరు, ప్రకాశం, మార్కాపురం డివిజన్లు ఉన్నాయి. ఆపైన కేంద్ర ప్రభుత్వం ఫిర్యాదులు తీసుకునే సీపీగ్రామ్స్ పోర్టల్, అక్కడ 21 రోజుల్లో పరిష్కరించాలని ప్రభుత్వం పెట్టుకున్న గడువు ఉంది, జవాబు నచ్చకపోతే 30 రోజుల్లోపు అప్పీలు చేయొచ్చు. ఏ లెక్కన వసూలు చేశారో చెప్పమని 10 రూపాయల ఆర్టీఐ (సమాచార హక్కు దరఖాస్తు) వేస్తే 30 రోజుల్లో జవాబివ్వాలి. చిన్న మొత్తాలకి ఇంత శ్రమ అవసరమా అనిపిస్తుంది, కానీ అదే తప్పు పదేపదే జరుగుతుంటే ఆర్టీఐ ఒక్కటి వేసి చూడండి.

ప్రైవేటు కొరియర్ మీద అయితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, తెలుగులోనే మాట్లాడొచ్చు. చాలా గొడవలు ఇక్కడే తేలిపోతాయి. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, కొరియర్ ఆఫీసు ఎక్కడున్నా మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. సేవకి మీరు కట్టింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు, సంఘటన జరిగిన రెండేళ్లలోపు వేయాలి. వ్యాపారం కోసం పంపిన పార్శిల్ అయితే మీరు వినియోగదారు కాదని అవతలివాళ్లు వాదిస్తారు. సొంతంగా కష్టపడి, బతుకుదెరువు కోసం చేసుకునే చిన్న అమ్మకమైతే చట్టం మిమ్మల్నీ వినియోగదారుగానే చూస్తుంది, ఆ విషయం ఫిర్యాదులో మొదటి పేరాలోనే రాయండి.