పిల్లల పుట్టు స్వభావం – నాలుగో పాఠం: ‘మొండి’ అనే మాటను విప్పి చూడటం

ఈ పాఠంలో పొంతన గురించి, అంటే బిడ్డ స్వభావానికీ ఇంటి తీరుకూ మధ్య కుదిరే జోడు గురించి చెప్పవలసి ఉంది. కానీ గత పాఠం చివర ఇచ్చిన అభ్యాసానికి వచ్చిన రాతలు చదివిన తరువాత దానిని వాయిదా వేయక తప్పలేదు. పుట్టు స్వభావంలోని తొమ్మిది లక్షణాల పట్టిక ఇచ్చి మూడు రోజులు బిడ్డను గమనించమంటే, చాలామంది గమనించినది కాక, తాము ముందే ఇచ్చుకున్న తీర్పును రాశారు. ‘మొండి’, ‘పిరికి’, ‘మహా చురుకు’ అన్న మాటలతో గడులు నిండిపోయాయి. వాటిలో బిడ్డ చేసిన పని ఒక్కటీ కనిపించదు.

ఆ పట్టికకు మూలమైన అధ్యయనాన్ని అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ అనే మనోవైద్య దంపతులు 1956లో న్యూయార్క్‌లో ప్రారంభించి, 133 మంది పిల్లలను శైశవం నుంచి పెద్దవారయ్యేదాకా అనుసరించారు. వారి పద్ధతిలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఆ తొమ్మిది లక్షణాలు కాదు, వారు ప్రశ్న అడిగిన తీరు. కొత్త ఆహారం బిడ్డకు నచ్చలేదని తల్లి చెబితే వారు అంతటితో తృప్తిపడేవారు కారు. నచ్చలేదని ఎలా తెలిసింది, మొహం తిప్పుకుందా, ఉమ్మేసిందా, ఏడ్చిందా అని అడిగేవారు. మీ రాతల్లో లోపించినది ఆ రెండో ప్రశ్నే.

ఇక ‘మొండి’ దగ్గరికి వద్దాం. ఈ మాట మీద కాస్త ఎక్కువసేపే నిలుస్తాను, ఎందుకంటే పిల్లలకు ఇంతగా అన్యాయం చేసిన మాట మరొకటి నాకు కనిపించలేదు. ఆట ఆపి లోపలికి రమ్మంటే రాని అయిదేళ్ల పిల్లను ఊహించుకోండి. ఆమె ఇసుకలో గోడ కడుతూ ఉండి, అది పూర్తి కాగానే ఎవరూ పిలవకుండానే లేచి వస్తే, అది పట్టుదల. చేతిలో ప్రత్యేకమైన పని ఏదీ లేకపోయినా, ఉన్నచోటి నుంచి కదలమన్న ప్రతిసారీ పేచీ పెట్టి, కాసేపటి ముందే చెప్పి ఉంచిన రోజున మాత్రం తక్కువ గొడవతో వస్తే, అది మార్పుకు సర్దుకోవడంలోని నెమ్మది. లోపల తెలియని మనుషులు ఉన్న రోజునే రాకపోతే, అది కొత్తదాని ముందు వెనుకంజ వేయడం. లోపలి వెలుగో, చప్పుడో, మార్చుకోవలసిన బట్టల గరుకుదనమో ఆమెను బాధిస్తూ ఉంటే, అది ఇంద్రియాలు చిన్న తాకిడికే స్పందించే గుణం. ఇవేవీ కాక, పక్క పిల్లలకు ఉన్నంత అయిష్టమే ఆమెకూ ఉండి, దానిని వీధంతా వినిపించేలా చెబితే, అది స్పందన తీవ్రత మాత్రమే. ఈ చివరిదానిని తేల్చుకోవడానికి తేలికైన మార్గం ఒకటుంది: ఆమె సంతోషాన్ని గమనించండి. నవ్వు కూడా అంత పెద్దగానే ఉంటే, మీరు చూస్తున్నది ఎదిరింపు కాదు, ఆ పిల్ల గొంతు పరిమాణం.

ఈ అయిదుగురు పిల్లలకూ ఒకే పేరు పెట్టినందువల్ల అయిదుగురికీ ఒకే మందు వేస్తున్నాం. గోడ కట్టే పిల్లకు కావలసినది పని ముగించుకునేందుకు వ్యవధి. కొత్తవారి ముందు వెనుదీసే పిల్లకు కావలసినది పక్కన నిలబడే పెద్ద మనిషి. గరుకు బట్టకు ఏడ్చే పిల్లకు కావలసినది మెత్తటి బట్ట. గద్దింపు వీరిలో ఎవరికీ అవసరమైనది కాదు.

తొమ్మిది లక్షణాలనూ ఒకేసారి చూడలేకపోతున్నామని కొందరు అన్నారు. నేనైతే మొదట మూడే చూస్తాను: కొత్తదాని పట్ల తొలి స్పందన, సర్దుకునే వేగం, తీవ్రత. మొదటి రెండింటినీ కలిపేయకండి. తొలి స్పందన మొదటి నిమిషంలో కనిపిస్తుంది; సర్దుకునే వేగం తెలియాలంటే పదో రోజు దాకా ఆగాలి. ఇక తమ బిడ్డ ‘సులువైన’, ‘కష్టమైన’, ‘నెమ్మదిగా కలిసే’ గుంపుల్లో దేనికి చెందుతుందని అడిగినవారికి నా సలహా ఆ ప్రశ్నను వదిలేయమనే. థామస్, చెస్ అధ్యయనంలోనే ఆ గుంపులు వరుసగా సుమారు 40, 10, 15 శాతం. మిగిలిన 35 శాతం పిల్లలు ఏ గుంపులోనూ ఇమడలేదు.

‘పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు’ అన్న సామెతను చూపి, ఇక ఈ శ్రమంతా ఎందుకని ఒకరు అడిగారు. సామెతలో సగం నిజం ఉంది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జెరోమ్ కేగన్ బృందం నాలుగు నెలల శిశువుల ముందు రంగురంగుల బొమ్మలు ఊపి, తెలియని గొంతులు వినిపించినప్పుడు, సుమారు 20 శాతం మంది కాళ్లూ చేతులూ విదిలిస్తూ ఏడ్చారు. సుమారు 40 శాతం మంది ప్రశాంతంగా చూస్తూ ఉండిపోయారు. పెద్దవుతున్నకొద్దీ మొదటి గుంపువారిలో బిడియం, జంకు ఎక్కువగా కనిపించిన మాట నిజమే. అయితే వారిలో చాలామంది విపరీతమైన బిడియస్థులుగా మిగిలిపోలేదు. అలాగని ఎక్కడికైనా చొచ్చుకుపోయే సాహసులుగా మారినవారూ అరుదే. పుట్టు స్వభావం చేరవలసిన చోటును నిర్ణయించదు. తిరగగల ఆవరణను గీస్తుంది. ఆ ఆవరణలో బిడ్డ ఎక్కడ నిలుస్తుందన్నదానిలో మన ప్రవర్తనకూ పాలు ఉంది. పైగా తనను తాను ఆపుకునే శక్తి రెండు నుంచి ఏడేళ్ల మధ్య వేగంగా పెరుగుతుంది కనుక, రెండేళ్ల బిడ్డ ఆగలేకపోవడాన్ని స్వభావం ఖాతాలో వేసినవారు ఆ వాక్యాలను కొట్టివేయండి.

ఈసారి అభ్యాసం ఏడు రోజులు. రోజుకు రెండుసార్లు, బిడ్డ ఒక పని నుంచి మరొక పనికి మారే ఘడియలను ఎంచుకుని, చూసినదంతా క్రియలతోనే రాయండి: ఏం చేసింది, ఎన్ని నిమిషాలు చేసింది, దేనితో ఆగింది. ఒక్క విశేషణం కూడా పడకూడదు. రోజూ ఒక సంతోష సమయాన్ని కూడా అదే తీరుగా రాయండి. బిడ్డను ఎరిగిన మరొక పెద్దవారు అవే ఘడియలను మీకు చూపకుండా విడిగా రాయాలి. ఏడో రోజు రాత్రి దాకా ఒకరి పుస్తకం ఒకరు తెరవకండి. రెండు రాతలూ కలవని చోట ఏదీ దిద్దకుండా పక్కన గీత గీసి ఉంచండి. చూసేవారి స్వభావం చూపులో ఎంత కలుస్తుందో అక్కడే తెలుస్తుంది, పొంతన పాఠాన్ని ఆ గీతల దగ్గరే మొదలుపెడతాను.